నీళ్లు ఉప్పు వెంటే పోతాయి: ఉల్లిపొర నుంచి ఓఆర్‌ఎస్ దాకా

హోస్ట్: నమస్తే. తొమ్మిది, పది తరగతుల పిల్లలకీ, పక్కన కూచుని చదివించే అమ్మానాన్నలకీ ఈ ఎపిసోడ్. ఇవాళ ద్రవాభిసరణ. పేరు వినగానే సగం మంది పుస్తకం మూసేస్తారు. మేడం, ముందు ఒక్క ముక్కలో చెప్పేయండి.

మేడం: నీళ్లు ఉప్పు వెంట పోతాయి. చక్కెరైనా అంతే. కాకపోతే మధ్యలో ఒక పొర ఉండాలి, అది నీళ్లని పోనిచ్చి ఉప్పుని ఆపాలి. దాన్నే పాక్షిక పారగమ్య త్వచం అంటాం. మన కణాల్లో ఆ పని ప్లాస్మాపొరది.

హోస్ట్: పరీక్షలో ఇలా రాస్తే మార్కులు వేస్తారా?

మేడం: వెయ్యరు. "పాక్షిక పారగమ్య త్వచం గుండా నీటి అణువులు తక్కువ గాఢత గల ద్రావణం నుంచి ఎక్కువ గాఢత గల ద్రావణంలోకి చేరడం" అని రాయాలి. చాలామంది విసరణ నిర్వచనాన్ని తెచ్చి ఇక్కడ అతికిస్తారు, "ఎక్కువ నుంచి తక్కువకి" అని. నీళ్ల లెక్కన చూస్తే అదీ నిజమే, నీళ్లు ఎక్కువున్న చోటి నుంచి తక్కువున్న చోటికే వెళతాయి. కానీ దేని గాఢతో చెప్పకుండా వదిలేస్తే ఆ వాక్యానికి అర్థమే లేదు. అక్కడే మార్కు పోతుంది.

హోస్ట్: సరే, ప్రయోగానికి వద్దాం. ఉల్లిపొర.

మేడం: ఉల్లిపొర రెండు రకాలుగా చేస్తాం, పిల్లలు ఆ రెండూ కలిపేస్తారు. కణాలు చూడటం ఒకటి. దానికి ఉల్లిపాయ ముక్కలో లోపలి వైపు, అంటే గుంటగా ఉన్న వైపు, పల్చటి పొర ఉంటుంది. ముక్కని విరిస్తే అది దానంతటదే వేలాడుతుంది. గోరంత ముక్క కత్తిరించి, స్లైడ్ మీద నీటి బొట్టులో మడత పడకుండా పరచాలి. ఒక చుక్క అయోడిన్ లేదా శాఫ్రనిన్. కవర్‌స్లిప్‌ని ఒక అంచు ముందు ఆనించి, సూదితో పట్టుకుని మెల్లగా దించాలి. పైనుంచి దభాలున పడేస్తే గాలి బుడగలు చిక్కుకుంటాయి.

హోస్ట్: ఆ బుడగల్నే కణాలనుకుని బొమ్మ గీసేవాళ్లుంటారు కదా!

మేడం: ప్రతి బ్యాచ్‌లో నలుగురైనా ఉంటారు. బుడగైతే గుండ్రంగా ఉంటుంది, అంచు నల్లగా మందంగా కనిపిస్తుంది, లోపల ఏమీ ఉండదు. ఉల్లి కణం పొడుగ్గా, గోడలో ఇటుకలు పేర్చినట్టు ఉంటుంది. రంగు పట్టిన కేంద్రకం మధ్యలో కాకుండా ఒక పక్కకి నెట్టేసినట్టు కనిపిస్తుంది. మధ్యలో చోటంతా పెద్ద రిక్తిక, అంటే నీళ్లతో నిండిన సంచి లాంటిది, ఆక్రమించుకుంటుంది మరి.

హోస్ట్: రెండో రకం?

మేడం: అది ప్లాస్మోలైసిస్, అంటే కణం నీళ్లు పోగొట్టుకుని లోపల ముడుచుకోవడం. దీనికి ఎర్ర ఉల్లిపాయ తీసుకుని ముక్క బయటివైపు పొర, గులాబీ రంగున్నది, తీయాలి. ఆ రంగు రిక్తికలోనే ఉంటుంది కాబట్టి వేరే రంగు వెయ్యక్కర్లేదు, వెయ్యకూడదు కూడా. అయోడిన్ వేస్తే కణం చచ్చిపోతుంది. చచ్చిన కణానికి పొర ఉన్నా లేనట్టే, ఉప్పు నీళ్లు పోసినా ఏ మార్పూ రాదు. "మేడం, నాకు రాలేదు" అనేవాళ్లలో ఎక్కువమంది చేసిన తప్పు ఇదే. ఇంటర్‌లో రియో అనే అలంకార మొక్క ఆకు వాడేదీ ఇందుకే, దాని అడుగువైపు పొరకి సొంత రంగు ఉంటుంది.

హోస్ట్: ఉప్పు నీళ్లు ఎంత గాఢత?

మేడం: 100 మిల్లీలీటర్ల నీళ్లలో రెండు చెంచాల ఉప్పు, అంటే 10 శాతానికి కాస్త అటూ ఇటూ. ముందు మామూలు నీళ్లలో స్లైడ్ చూసి ఒక బొమ్మ వేసుకోవాలి. తర్వాత కవర్‌స్లిప్‌కి ఒక అంచున ఉప్పు నీటి చుక్క వేసి, ఎదుటి అంచున అద్దుడు కాగితం ఆనించాలి. కాగితం నీళ్లు పీల్చేకొద్దీ ఉప్పు నీళ్లు కిందికి జారతాయి. రెండు మూడు నిమిషాల్లో గులాబీ రంగు మూలల్లోంచి వెనక్కి తగ్గి ముద్ద కడుతుంది. కణకవచం, అంటే ప్లాస్మాపొరకి బయట ఉండే గట్టి గోడ, మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఇక్కడ నాకిష్టమైన ప్రశ్న ఒకటుంది. కవచానికీ ముడుచుకున్న పొరకీ మధ్య ఖాళీ వచ్చింది కదా, అందులో ఏముంటుంది?

హోస్ట్: గాలా?

మేడం: ఉప్పు నీళ్లు. కణకవచం దేన్నీ ఆపదు, అన్నిటినీ పోనిస్తుంది. ఆపేది ప్లాస్మాపొరే. ఆ తేడా తెలిసినవాడికి ఈ పాఠం వచ్చినట్టే. ఆలస్యం చెయ్యకుండా అదే పద్ధతిలో మంచినీళ్లు లాగితే గులాబీ రంగు మళ్లీ కవచం దాకా విచ్చుకుంటుంది. కణం బతికే ఉందనడానికి అదే సాక్ష్యం.

హోస్ట్: మన కణాలకి ఆ కవచం లేదు కదా. మరి మంచినీళ్లలో పడితే?

మేడం: పగిలిపోతాయి. ఎర్ర రక్తకణాన్ని డిస్టిల్డ్ వాటర్‌లో వేస్తే నీళ్లు లోపలికి దూరి, ఉబ్బి, పగులుతుంది. గాఢమైన ఉప్పు నీళ్లలో వేస్తే ముడుచుకుపోతుంది. అందుకే సెలైన్ బాటిల్ మీద 0.9 శాతం అని ఉంటుంది, లీటరుకి 9 గ్రాముల ఉప్పు. ఆ గాఢతలో రక్తకణం ఉబ్బదు, ముడుచుకోదు.

హోస్ట్: ఇక ఓఆర్‌ఎస్. విరేచనాలప్పుడు తాగించే ఉప్పూ గ్లూకోజూ కలిపిన నీళ్లు. ఇది కూడా ఈ పాఠమేనంటారు మీరు.

మేడం: ఇదే అసలు పాఠమంటాను. రోజూ మన పేగుల్లోకి ఎనిమిది తొమ్మిది లీటర్ల నీళ్లు చేరతాయి. తాగేవి రెండు లీటర్లే, మిగతావి లాలాజలం, జఠరరసం, పైత్యరసం, పేగు రసాలు. దాదాపు అన్నీ తిరిగి రక్తంలోకి పోతాయి, మలంలో పోయేవి 100, 200 మిల్లీలీటర్లు. ఆ పీల్చుకోవడం దెబ్బతిన్నా, పేగు గోడ అదనంగా ఉప్పుని వదిలినా విరేచనాలే. కలరాలో జరిగేది రెండోది. కలరా బ్యాక్టీరియా విషం వల్ల పేగు కణాలు క్లోరైడ్‌ని పేగులోకి వదిలేస్తాయి, దాని వెనక సోడియం, వాటి వెనక నీళ్లు.

హోస్ట్: మరి వట్టి నీళ్లు తాగిస్తే చాలదా?

మేడం: చాలదు. నీళ్లు వాటంతటవి రావు, ముందు ఉప్పు లోపలికి రావాలి. పేగు కణం పొరలో ఒక వాహక ప్రోటీన్ ఉంటుంది. అది రెండు సోడియం అయాన్లకి ఒక గ్లూకోజ్‌ని జత చేసి లోపలికి తెస్తుంది. గ్లూకోజ్ లేకపోతే ఈ దారిన సోడియం రాదు. కలరాలో కూడా ఈ దారి మూసుకోదు, అదే మన అదృష్టం. లోపలికొచ్చిన సోడియాన్ని కణం అవతలి వైపునున్న పంపు రక్తం వైపు తోసేస్తుంది. మూడు సోడియంలు బయటికి, రెండు పొటాషియంలు లోపలికి, ఒక ఏటీపీ, అంటే కణానికి శక్తినిచ్చే అణువు, ఖర్చు. ఆ ఏటీపీ గురించి 1929లో ప్రకటించినవాళ్లలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి పనిచేశారు. అదే ఏడాది జర్మనీలో లోమాన్ కూడా విడిగా కనుక్కున్నారు.

హోస్ట్: ఓఆర్‌ఎస్‌ని జనంలో రుజువు చేసింది కూడా మన దేశంలోనే కదా?

మేడం: అవును, 1971లో. బంగ్లాదేశ్ యుద్ధమప్పుడు పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్ శరణార్థి శిబిరంలో కలరా వస్తే సెలైన్ సరిపోలేదు. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పూ గ్లూకోజూ కలిపిన నీళ్లు డ్రమ్ముల్లో పెట్టి తాగించారు. చనిపోయాక 2023లో పద్మవిభూషణ్ ఇచ్చారు.

హోస్ట్: ఇప్పటి ప్యాకెట్‌లో ఏముంటుంది?

మేడం: లీటరుకి గ్లూకోజ్ 13.5 గ్రాములు, ఉప్పు 2.6, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9. కలిపితే 20.5. ఈ ద్రావణం గాఢత, అంటే లీటరులో కరిగిన రేణువుల లెక్క, 245 మిల్లీఆస్మోల్‌లు, రక్తానిది 290 దగ్గర. అంటే రక్తం కన్నా కాస్త పలచన, అందుకే నీళ్లు రక్తం వైపు పోతాయి. ఇప్పుడు జనం చేసే పెద్ద తప్పు చూడండి. లీటరు ప్యాకెట్‌ని ఒక గ్లాసు నీళ్లలో, 200 మిల్లీలీటర్లలో కలిపేస్తారు. గాఢత ఐదు రెట్లు, 1225. ఉల్లిపొర మీద ఉప్పు నీళ్లు పోసినట్టే. రక్తంలోంచి నీళ్లు పేగులోకి వస్తాయి, విరేచనాలు ఎక్కువవుతాయి, రక్తంలో సోడియం ప్రమాదకరంగా పెరగొచ్చు. 200 మిల్లీలీటర్లకి కలిపే చిన్న ప్యాకెట్లు వేరే ఉంటాయి. కవర్ మీద చదివి, కొలిచిన నీళ్లలో మొత్తం ప్యాకెట్ ఒకేసారి కలపాలి. సగం ఇప్పుడు, సగం రేపు అంటే కుదరదు, పొడి సమంగా కలిసి ఉండదు.

హోస్ట్: షాపులో టెట్రాప్యాక్ డ్రింకులు?

మేడం: చక్కెర ఎక్కువ, సోడియం తక్కువ. ఇక్కడ కూడా చక్కెర నీళ్లని పేగులోకే లాగుతుంది. వీటికి ఓఆర్‌ఎస్ పేరు పెట్టడం మీద హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అలాంటి డ్రింకుల పేర్లలో ఓఆర్‌ఎస్ అన్న మాట వాడకూడదంది.

హోస్ట్: ప్యాకెట్ దొరక్కపోతే?

మేడం: లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో తల కొట్టిన చెంచాతో చక్కెర ఆరు, ఉప్పు అర. చెంచా అంటే ఐదు మిల్లీలీటర్లది. ఉప్పు ఎక్కువైతే చక్కెర ఎక్కువైన దానికన్నా ప్రమాదం, కాబట్టి రుచి చూడండి, కన్నీళ్ల కన్నా ఉప్పగా ఉంటే పారబోసి మళ్లీ కలపండి.

హోస్ట్: ఎంత తాగించాలి?

మేడం: ప్రతి విరేచనానికీ, రెండేళ్ల లోపు పిల్లలకైతే 50 నుంచి 100 మిల్లీలీటర్లు, రెండు నుంచి పదేళ్ల వాళ్లకి 100 నుంచి 200. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి చెంచాతో కొద్దికొద్దిగా. తల్లిపాలు ఆపొద్దు. కళ్లు గుంటలు పడినా, పిల్లాడు మత్తుగా ఉన్నా, తాగలేకపోతున్నా, మలంలో రక్తం పడినా ఇంట్లో కూచోకూడదు, ఆసుపత్రికే.

హోస్ట్: ఆఖరి ప్రశ్న. కొబ్బరినీళ్లు?

మేడం: పొటాషియం బాగా ఉంటుంది, సోడియం తక్కువ. మామూలుగా తాగండి, మంచిదే. విరేచనాలప్పుడు మాత్రం అవి ఓఆర్‌ఎస్‌కి బదులు కావు. ఇంకోటి, కలిపిన ఓఆర్‌ఎస్ 24 గంటలు దాటితే పారబొయ్యండి, ఫ్రిజ్‌లో పెట్టినా సరే.