‘బ్యాకప్ అని చెప్పమన్నారండీ’

వ్యాఖ్యాత: అమలాపురం వైపు నుంచి కాల్. చెప్పండమ్మా.

కాలర్: నమస్కారమండీ. ఒక అమెరికా కంపెనీ హైదరాబాద్ ఆఫీసుకి ఇంటి నుంచే పని చేస్తున్నాను. అమెరికాలో ఒకావిడ 14 ఏళ్లుగా చూస్తున్న బిల్లుల పని నాకు అప్పగిస్తున్నారు. రోజూ రాత్రి 7:30కి, వాళ్లకి ఉదయం 9 గంటలకి, ఆవిడ కేటీ ఇస్తారు, అంటే పనంతా నాకు నేర్పించి అప్పజెబుతారు. వచ్చే నెలాఖరుకి ఆవిడ్ని తీసేస్తారని నాకు తెలుసు. ఆవిడకి తెలియదు. ‘నువ్వు బ్యాకప్ అని చెప్పు’ అన్నారు మా మేనేజర్.

సలహాదారు: ఆవిడ నమ్మారా?

కాలర్: ఆయ్, నమ్మారండీ. తను సెలవు పెడితే నేను చూసుకుంటాననుకుంటున్నారు. నిన్న తన నోట్‌బుక్ కెమెరాకి చూపించారు. ఎవరు ఒకే బిల్లు రెండుసార్లు పంపిస్తారో, ఎవరికి ఫోన్ చేస్తే పనవుతుందో, అన్నీ చేత్తో రాసుకున్నారు. ‘ఫొటోలు తీసుకో, పనికొస్తాయి’ అన్నారు. నాకు అన్నం దిగలేదండీ. మానేద్దామంటే నాన్నగారి రొయ్యల చెరువు అప్పుంది.

సలహాదారు: మానేయకు తల్లీ. నువ్వు కాకపోతే ఇంకొకరిని పెడతారు, ఆవిడ ఉద్యోగం మాత్రం నిలవదు. పని తీసుకోవడం నీ తప్పు కాదు. దాచిపెట్టి నేర్పించుకోవడం కంపెనీ తప్పు, ఆ అబద్ధం నీ నోటితో చెప్పిస్తున్నారు. అక్కడ చాలామందికి ఆసుపత్రి ఇన్సూరెన్స్ ఉద్యోగంతోనే ముడిపడి ఉంటుంది. నెల ముందు తెలిస్తే ఆవిడ ఏదో ఒక దారి చూసుకుంటారు.

కాలర్: నోటీసు ఇవ్వాలని చట్టం లేదాండీ?

సలహాదారు: అమెరికాలో 1988 నాటి వార్న్ చట్టం ఉంది. 100 మందికి తక్కువ కాని సంస్థలు పెద్దఎత్తున తీసేస్తే 60 రోజుల ముందు రాసి ఇవ్వాలి. ఒకరిద్దరినైతే అది వర్తించదు.

కాలర్: మా ఊళ్లోనూ ఇలాగే అయిందండీ. నాన్నగారు ఊడ్పులకి బెంగాల్ కూలీల్ని మాట్లాడారు. ఏటా వచ్చే మా ఊరి ముఠా ఆడవాళ్లు ఆ పొద్దున్నే వచ్చి గట్టు మీద నిలబడ్డారు. ‘పిలవకపోతే పోయారు, ముందే చెబితే పక్క ఊరు ఒప్పుకునేవాళ్లం కదండీ’ అంది మేస్త్రి. బెంగాల్ వాళ్లని ఒక్క మాట అనలేదు.

సలహాదారు: ఆ మేస్త్రి అడిగిందే నువ్వు మీ మేనేజర్ని అడుగు. మెయిల్లో అడుగు. ‘బ్యాకప్ అని నేను చెప్పలేను, ముందు మీరు ఆవిడకి విషయం చెప్పండి’ అని రెండు ముక్కలు, నిష్ఠూరం లేకుండా. నీ అంతట నువ్వు బయటపెడితే అదే సాకుగా నిన్ను తీసేయొచ్చు. ఆవిడ సూటిగా అడిగితే మాత్రం అబద్ధమాడకు. ‘మీ మేనేజర్ని అడగండి, ఇవాళే అడగండి’ అను.

కాలర్: మెయిల్ పెట్టినందుకే కోపమొస్తే?

సలహాదారు: రావచ్చు, రాదని నేను చెప్పను. అందుకే ముందు నీ ఆఫర్ లెటర్ తీసి చదువు. నోటీసు ఎన్ని రోజులు, నువ్వు కంపెనీ రోల్స్‌లో ఉన్నావా, కాంట్రాక్టర్ కింద ఉన్నావా చూసుకో. చవకని ఇక్కడికొచ్చిన పని, ఇంకా చవకైన చోటు దొరికితే అక్కడికీ పోతుంది. మేనేజర్ ఎప్పుడు దొరుకుతారు?

కాలర్: 6 గంటలకండీ. 7:30కి మళ్లీ కేటీ ఉంది.

సలహాదారు: అయితే 6 లోపే పంపు. ఇంకోటమ్మా, ఆ నోట్‌బుక్‌లోవి మీ ఆఫీసు ఫైల్లోకి ఎక్కించేటప్పుడు పైన ఆవిడ పేరు రాయి.

కాలర్: రాస్తానండీ. ఫొటోలు ఫోన్లోనే ఉన్నాయి.