పార్టీ మారిన ఓటరుని ద్రోహి అనకండి

అందరికీ నమస్కారం. రాజకీయాల్లో నోటి దురుసు గురించి మాట్లాడమన్నారు, అయితే నేను నాయకుల వైపు నుంచి కాకుండా ఓటరు వైపు నుంచి మాట్లాడతాను, ఎందుకంటే నాయకులు ఒకళ్ళనొకళ్ళు తిట్టుకోవడం ఇవాళ మొదలైంది కాదు. 1856లో అమెరికా సెనేట్ హాల్లోనే, బానిసత్వానికి వ్యతిరేకంగా స్పీచ్ ఇచ్చాడని చార్లెస్ సమ్నర్ అనే సెనేటర్ని ప్రెస్టన్ బ్రూక్స్ అనే కాంగ్రెస్ సభ్యుడు చేతికర్రతో తల పగిలేలా కొట్టాడు. సమ్నర్ కోలుకుని పూర్తిగా సభకి రావడానికి మూడేళ్ళు పట్టింది. బ్రూక్స్ రాజీనామా చేస్తే అక్కడి జనం మళ్ళీ అతన్నే గెలిపించారు, కొత్త కర్రలు కానుకగా కూడా పంపించారు. అందుకే పాత రోజుల్లో అంతా మర్యాదే అని ఎవరన్నా అంటే నేను నమ్మను.

మరి మారిందేంటి? అమెరికాలో రెండే పెద్ద పార్టీలు, రిపబ్లికన్లు, డెమోక్రాట్లు. 1960లో అక్కడ ఒక సర్వే చేశారు, మీ పిల్లలు అవతలి పార్టీ వాళ్ళని పెళ్ళి చేసుకుంటే మీకు ఇబ్బందా అని. 100 మందిలో నలుగురైదుగురు మాత్రమే ఇబ్బంది అన్నారు. 2010లో ఇంచుమించు అదే ప్రశ్న అడిగితే రిపబ్లికన్లలో దాదాపు సగం మంది, డెమోక్రాట్లలో మూడో వంతు మంది అవును అన్నారు. ఇది పన్నుల మీదో ఆరోగ్య బీమా మీదో గొడవ కాదండీ, ఇంట్లోకి ఎవరు రావాలి అనే దాకా వచ్చిన గొడవ. పోనీ తమ పార్టీ మీద ప్రేమ అంత పెరిగిందా అంటే అదీ లేదు, గాలప్ అనే సర్వే సంస్థ 2024లో అడిగితే 100కి 43 మంది మేము ఏ పార్టీ వాళ్ళమూ కాదు అని చెప్పారు, కానీ కాస్త గుచ్చి అడిగితే వాళ్ళలో ఎక్కువమంది ఎటో ఒకవైపు మొగ్గుతారు. సొంత పార్టీ పేరు చెప్పుకోవడానికి మొహమాటం, అవతలి పార్టీ అంటే మాత్రం మంట. ఇవాళ చాలా ఓట్లు పడేది ఈ మంటతోనే.

ఇంత మంట ఉన్నా ఓటర్లు మారుతూనే ఉన్నారు, నాకు ఆశ కలిగించేది అదే. వెస్ట్ వర్జీనియా చూడండి, బొగ్గు గనుల రాష్ట్రం, యూనియన్ల రాష్ట్రం, 1988 ప్రెసిడెంట్ ఎన్నికలో డెమోక్రాట్ అభ్యర్థి డుకాకిస్ దేశమంతా చిత్తుగా ఓడిపోయినప్పుడు కూడా డెమోక్రాట్లకే ఓటేసింది, అదే రాష్ట్రంలో 2012లో డెమోక్రాట్ ఒబామాకి ఒక్క కౌంటీలో (మన జిల్లా లాంటిది) కూడా మెజారిటీ రాలేదు. ఇంకోవైపు కాలిఫోర్నియాలో ఆరెంజ్ కౌంటీ రిపబ్లికన్ల కంచుకోటగా ఉండేది, 1936 తర్వాత మళ్ళీ 2016లోనే ప్రెసిడెంట్ ఎన్నికలో డెమోక్రాట్ వైపు వచ్చింది. గనులు మూతపడటం, చదువుకున్నవాళ్ళు ఒకవైపు డిగ్రీ లేనివాళ్ళు ఇంకోవైపు జరగడం, ఊళ్ళలో ఉండే జనమే మారిపోవడం, ఇలా కారణాలు చాలా. ఏదేమైనా ఇది ఒక్క రాత్రిలో జరిగింది కాదు, ఒక్కొక్క మనిషి లోపల్లోపల ఏళ్ళ తరబడి నలిగి, నాన్న ఓటేసిన పార్టీకి నేను వెయ్యను అని తేల్చుకున్నాక జరిగింది.

సరిగ్గా ఆ నలిగే మనిషికి మనం ఏం చెప్తున్నాం అన్నదే నా బాధ. 2012లో ఒబామా మీద పోటీ చేసిన రిపబ్లికన్ అభ్యర్థి రామ్నీ, దేశంలో 47 శాతం మంది ప్రభుత్వం మీద ఆధారపడి బతికేవాళ్ళు, ఎలాగూ ఒబామాకే వేస్తారు అన్నట్టు మాట్లాడాడు. 2016లో ట్రంప్ మీద పోటీ చేసిన డెమోక్రాట్ హిల్లరీ క్లింటన్, ట్రంప్ మద్దతుదారుల్లో సగం మందిని నీచుల బుట్టలో వెయ్యొచ్చు అంది, మర్నాడే సగం అనడం తప్పని ఒప్పుకుంది కూడా. గమనించండి, ఇద్దరూ ఆ మాటలన్నది తమకి చందాలిచ్చే వాళ్ళ మీటింగుల్లో. ఎదుటి నాయకుణ్ని ఏమన్నా అనండి, ఓటరు కొంత సర్దుకుంటాడు, కానీ ఓటరునే అంటే? హిల్లరీ అన్న ఆ నీచులు అనే తిట్టుని జనం చొక్కాల మీద అచ్చేయించుకుని తిరిగారు. మారదామా వద్దా అని ఊగిసలాడేవాడికి ఇక వెళ్ళడానికి తలుపు లేకుండా పోయింది.

ఇంకో ప్రయోగం చెప్తాను. డయానా మట్జ్, బైరన్ రీవ్స్ అనే ఇద్దరు పరిశోధకులు నటులతో రెండు డిబేట్లు తీయించారు, రెండిట్లోనూ వాదనలు ఒకటే, ఒకదాంట్లో మర్యాదగా, ఇంకోదాంట్లో కళ్ళు తిప్పుతూ, మధ్యలో అడ్డుపడుతూ. మర్యాద లేనిది చూసినవాళ్ళకి రాజకీయాల మీదే నమ్మకం తగ్గింది, కానీ అదే వాళ్ళకి ఎక్కువ రక్తి కట్టింది కూడా. టీవీ వాళ్ళు దాన్ని ఎందుకు వదలరో ఇక వేరే చెప్పక్కర్లేదు.

నోరు అదుపులో పెట్టుకోవాలంటే అవతలి వాళ్ళ కంటే సొంత జనంతోనే ఎక్కువ కష్టం. 2008 అక్టోబరులో మిన్నెసోటా రాష్ట్రంలో, ఒబామా మీద పోటీ చేస్తున్న రిపబ్లికన్ అభ్యర్థి మెకెయిన్ సభలో ఒకావిడ మైకు తీసుకుని ఒబామా అరబ్ అంది, మెకెయిన్ మైకు వెనక్కి తీసుకుని, లేదమ్మా, ఆయన మంచి కుటుంబీకుడు, పౌరుడు, నాకు ఆయనతో భేదాలున్నాయి అంతే అన్నాడు. ఒబామాని చూసి భయపడక్కర్లేదు అని అదే సభలో అంటే సొంత మద్దతుదారులే గేలి చేశారు. (అరబ్ అంటే మంచి కుటుంబీకుడు కాదా అని తర్వాత కొందరు అడిగారు, అదీ న్యాయమైన ప్రశ్నే.) అయినా ఓట్లకి ఇంకా నెల కూడా లేనప్పుడు ఆ పని చేశాడు, నేను ఆయన పార్టీ కాకపోయినా ఆ నిమిషం నాకు మర్చిపోవడం కుదరదు.

నాకు పాతికేళ్ళ స్నేహితుడు ఒకడు పార్టీ మారాడు. అమ్ముడుపోయావా అన్నాను. ఎందుకు మారాడో అడగలేదు. వాడి తమ్ముడి ఉద్యోగం పోయి ఇల్లు నడవని పరిస్థితి, మేం అంతా సమర్థించిన ఒక విధానం వల్లే పోయింది, నాకది రెండేళ్ళ తర్వాత వేరేవాళ్ళు చెప్తే తెలిసింది. వాడు నాతో మాట్లాడటం మానేసి అప్పటికే చాలా కాలమైంది.

వి.ఓ.కీ అనే అమెరికన్ పండితుడు పార్టీ మార్చిన ఓటర్ల సర్వేలు ఏళ్ళకేళ్ళవి పరిశీలించి, వీళ్ళు వెర్రివాళ్ళు కాదు, తమకి పట్టే విషయాల మీద ప్రభుత్వం ఏం చేసిందో చూసే మారుతున్నారు అన్నాడు. మనం గోడ మీద పిల్లి అనేది ఇలాంటి వాళ్ళనే. వాళ్ళు లేకపోతే ఏ ప్రభుత్వానికీ ఓడిపోతామన్న భయమే ఉండదు.

ఇక నేను ఆపుతాను, ప్రశ్నలకి టైం ఉంది. ఈ హాల్లో ఎవరైనా పార్టీ మారినవాళ్ళుంటే ముందు వాళ్ళకి మైకు ఇవ్వండి, ఎందుకు మారారో పూర్తిగా చెప్పనివ్వండి, మధ్యలో ఎవరూ అడ్డు రావద్దు, నేను కూడా రాను.