ఆరో గంట ముఖం: పెళ్లికి మేకప్, హెయిర్ ఆర్టిస్ట్‌ను బుక్ చేసే ముందు

హోస్ట్: నమస్తే. ఇవాళ నాతో ఉన్న అక్క చాలా ఏళ్లుగా పెళ్లికూతుళ్లకు మేకప్, జుట్టు రెండూ చేస్తున్నారు. ఈ ఎపిసోడ్ తన ప్రచారంలా ఉండకూడదని పేరు చెప్పొద్దన్నారు. అక్కా, మా చెల్లి పెళ్లిలో జరిగినదాంతో మొదలుపెడతాను. ఆన్‌లైన్‌లో ఒకావిడ ఫొటోలు చూశాం, నచ్చాయి, అడ్వాన్స్ ఇచ్చేశాం. పెళ్లి రోజు తెల్లవారుజామున తలుపు తీస్తే వచ్చింది వేరే అమ్మాయి. "మేడమ్ ఇంకో పెళ్లికి వెళ్లారండీ, నేను అసిస్టెంట్‌ని" అంది. పాపం చాలా కష్టపడింది. కానీ ఫొటోలు చూస్తే ముఖం తెల్లగా పాలిపోయి, మెడ ఇంకో రంగులో ఉంది. చెల్లి ఆ ఆల్బమ్ ఇప్పటికీ తెరవదు.

ఆర్టిస్ట్: విన్నప్పుడు నాకూ బాధేసింది. ఇందులో రెండు వేరు వేరు విషయాలున్నాయి. మొదటిది, మీరు ఎవరి పని చూసి డబ్బు కట్టారో వాళ్ల చేతులే రావాలన్న మాట ఎక్కడా రాసుకోలేదు. ఒక పేరు కింద ముగ్గురు నలుగురు పనిచేయడం తప్పేం కాదు, పెద్ద ఆర్టిస్టులకు టీమ్ ఉంటుంది. కానీ "నా ముఖం మీద చేయి వేసేది ఎవరు? మీరేనా? ఆ రోజు మీకు ఇంకో బుకింగ్ ఉందా?" అని అడ్వాన్స్ ఇచ్చే ముందే అడగాలి. జవాబు మెసేజ్‌లో రాయించుకోవాలి. ఫోన్‌లో చెప్పిన మాట ఆ రోజుకి ఎవరికీ గుర్తుండదు.

హోస్ట్: మరి ఆ తెల్లటి ముఖం?

ఆర్టిస్ట్: దాన్ని ఫ్లాష్‌బ్యాక్ అంటాం. కొన్ని సన్‌స్క్రీన్‌లలో టైటానియం డయాక్సైడ్, జింక్ ఆక్సైడ్ ఉంటాయి, కొన్ని పౌడర్లలో సిలికా ఎక్కువగా ఉంటుంది. కెమెరా ఫ్లాష్ వాటి మీద పడి తిరిగి లెన్స్‌లోకే కొడుతుంది. అద్దంలో ముఖం మామూలుగానే కనిపిస్తుంది, ఫొటోలో మాత్రం పిండి చల్లినట్టు వస్తుంది. దీన్ని పట్టుకోవడానికి ఒక్క నిమిషం చాలు. ట్రయల్, అంటే పెళ్లికి ముందే ఒకసారి మేకప్ వేసి చూసుకోవడం, అయ్యాక గదిలో లైట్లు ఆపి, ఫోన్‌లో ఫ్లాష్ వేసి ఒక ఫొటో తీయాలి. అంతే.

హోస్ట్: ఒక్క నిమిషం పని! మాకు చెప్పినవాళ్లే లేరు.

ఆర్టిస్ట్: అసలు ట్రయల్ అంటేనే చాలామంది పొరపాటు పడతారమ్మా. మేకప్ వేయించుకుని, అక్కడే సెల్ఫీ తీసుకుని, ఇంటికెళ్లగానే కడిగేస్తారు. పూర్తయిన నిమిషంలో ఏ మేకప్ అయినా బాగానే ఉంటుంది. పెళ్లికూతురు ఆ ముఖంతో ఎనిమిది, పది గంటలు ఉండాలి. చెమట పడుతుంది, కన్నీళ్లొస్తాయి, తింటుంది, వంద మంది వచ్చి కౌగిలించుకుంటారు. నువ్వు చూడాల్సింది ఆరో గంటలో ముఖం ఎలా ఉందన్నది. అందుకే ట్రయల్ పొద్దున్న పెట్టుకో, రాత్రి పడుకునేదాకా ఉంచుకో. మధ్యలో బయట ఎండలో ఒకసారి, ఇంట్లో పసుపు బల్బు కింద ఒకసారి ఫొటో తీసుకో.

హోస్ట్: బల్బుతో అంత తేడా వస్తుందా?

ఆర్టిస్ట్: చాలా వస్తుంది. వెలుగు రంగును కెల్విన్‌లలో కొలుస్తారు. ఇంట్లో పసుపు బల్బు కాంతి 2700 నుంచి 3000 కెల్విన్ ఉంటుంది. మధ్యాహ్నపు ఎండ 5500 దగ్గర. పసుపు వెలుగులో సరిపోయిందనుకున్న ఫౌండేషన్ బయటికి రాగానే బూడిద రంగులోనో, నారింజ రంగులోనో కనిపించొచ్చు. పైగా కొన్ని ఫౌండేషన్లు వేసిన పది, ఇరవై నిమిషాల్లో ముదురుతాయి. చేతి వెనక కాస్త రాసి చూసి "మీ షేడ్ ఇదే" అనేవాళ్లను నేను నమ్మను. దవడ మీద నుంచి మెడ దాకా రాయాలి, కాసేపు ఆగాలి, కిటికీ దగ్గర నిలబెట్టి చూడాలి.

హోస్ట్: అంటే ట్రయల్‌కి డబ్బు తీసుకుంటే ఇవ్వాల్సిందేనా? చాలామంది "ఫ్రీగా చేస్తారా" అని అడుగుతారు.

ఆర్టిస్ట్: ఇవ్వండి. సగం రోజు పని అది, సామాను ఖర్చూ ఉంటుంది. ట్రయలే చేయనని చెప్పే ఆర్టిస్ట్‌ను మాత్రం, ఎంత పేరున్నా, నేను సిఫారసు చేయను. ఇంకో మాట. ట్రయల్‌లో నేను చూడమనేది మేకప్ ఒక్కటే కాదు. "ఈ లిప్‌స్టిక్ నాకు నప్పలేదండీ" అని చెప్పి చూడు. వెంటనే తుడిచి ఇంకోటి వేసి చూపిస్తే మంచి మనిషి. "నాకు తెలుసు, ఫొటోల్లో బాగుంటుంది" అని మొండికేస్తే, పెళ్లి రోజు పొద్దున్న నీ నోరు పెగలదు.

హోస్ట్: ఇది చాలా నిజం. మా చెల్లి అద్దం చూసుకుని ఏమీ అనలేకపోయింది. టైమ్ అయిపోతోందని అందరూ తొందరపెట్టారు.

ఆర్టిస్ట్: అందుకే ట్రయల్‌కి నెల, నెలన్నర ముందే వెళ్లాలి. నచ్చకపోతే వేరేవాళ్లను చూసుకునే వ్యవధి ఉండాలి కదా. పెళ్లిళ్ల సీజన్‌లో అయితే బుకింగ్ ఆరు నెలల ముందు, పేరున్నవాళ్లకు ఏడాది ముందు.

హోస్ట్: ట్రయల్‌కి ముందు ఎంపిక ఉంటుంది కదా. ఫొటోలు చూసేటప్పుడు మన కన్ను దేని మీద ఉండాలి?

ఆర్టిస్ట్: నీ రంగు, నీ వయసు, నీలాంటి చర్మం ఉన్నవాళ్లు ఆ పేజీలో ఉన్నారా? మొటిమల మచ్చలున్న అమ్మాయి, కళ్లద్దాల అమ్మాయి, నలభై దాటిన పెళ్లికూతురు ఉన్నారా? అందరి ముఖాలూ ఒకే అచ్చులో పోసినట్టుంటే, అక్కడ కనిపించేది ఆర్టిస్ట్ ఇష్టం, అమ్మాయి ముఖం కాదు. ఫొటోలు ఎడిట్ చేసి ఉంటాయి కాబట్టి వీడియో అడగాలి. పగటి వెలుగులో, ఫిల్టర్ లేకుండా, ముఖం అటూ ఇటూ తిప్పుతున్న వీడియో. వీలైతే వేడుక చివర్లో తీసినది. అది చూపించగలిగితే సగం నమ్మకం వచ్చేసినట్టే.

హోస్ట్: ఎయిర్‌బ్రష్, హెచ్‌డీ అని రేట్లు వేరు వేరుగా చెప్తారు. ఏది మంచిది?

ఆర్టిస్ట్: ఎయిర్‌బ్రష్ అంటే చిన్న కంప్రెసర్‌తో ఫౌండేషన్‌ను సన్నటి తుంపరలా చల్లడం. తేలిగ్గా ఉంటుంది, చాలాసేపు నిలుస్తుంది. కానీ పొడి చర్మం మీద పొట్టు ఉంటే దాన్ని ఎత్తి చూపిస్తుంది, కన్నీటి చార పడితే సరిదిద్దడం కష్టం. హెచ్‌డీ అన్నది హై డెఫినిషన్ కెమెరాలొచ్చాక వాడుకలోకి వచ్చిన మాట, దానికంటూ ప్రత్యేక పద్ధతేం లేదు. చేయి మంచిదైతే మామూలు స్పాంజితోనూ అంతే బాగా వస్తుంది. పేరు చూసి ఎక్కువ డబ్బు పెట్టకండి.

హోస్ట్: జుట్టు సంగతికి వద్దాం. చాలామంది మేకప్‌కి ఇచ్చినంత ఆలోచన జుట్టుకి ఇవ్వరు.

ఆర్టిస్ట్: నేనూ మొదట్లో ఇవ్వలేదు. కొత్తలో ఒకమ్మాయికి చాలా అందమైన కర్ల్స్ వేశాను. ఆ రోజు గాలిలో తేమ బాగా ఉంది. రెండు గంటల్లో జుట్టంతా జారిపోయి మామూలుగా వేలాడింది. ఆ అమ్మాయి నన్ను ఏమీ అనలేదు, కానీ నేను ఆ ముఖం మర్చిపోలేదు. తర్వాత కారణం నేర్చుకున్నాను. వెంట్రుకలో హైడ్రోజన్ బంధాలుంటాయి. వేడి తగిలితే విడిపోతాయి, చల్లారేటప్పుడు కొత్త ఆకారంలో మళ్లీ ముడిపడతాయి. నీళ్లు తగిలినా విడిపోతాయి, గాలిలో తేమ కూడా నీళ్లే కదా. అందుకని కర్ల్ తీసిన వెంటనే వదలకూడదు. చుట్టి పిన్ను పెట్టి పూర్తిగా చల్లారనివ్వాలి. ఇప్పుడు నేను ముందు కర్ల్స్ చుట్టి పిన్నులు పెట్టేస్తాను, అవి చల్లారేలోపు మేకప్ చేస్తాను, చివర్లో విప్పి కొప్పు కడతాను. తేమ ఎక్కువుండే రోజుల్లో అయితే జుట్టు వదిలేసే స్టైల్ వద్దని మొహమాటం లేకుండా చెప్పేస్తాను.

హోస్ట్: మేకప్, జుట్టు ఒకరే చేయడం మంచిదా, ఇద్దరా?

ఆర్టిస్ట్: రెండూ బాగా వచ్చిన మనిషి దొరికితే ఒకరు చాలు. కానీ మేకప్ పేజీలో జుట్టు ఫొటోలన్నీ ముందు నుంచే తీసుంటే అనుమానించు. వెనక నుంచి, పక్క నుంచి చూపించమను. ఒత్తు తక్కువున్న జుట్టుకి ఏం చేస్తారో అడుగు. ఎక్స్‌టెన్షన్లు, అంటే అదనపు జుట్టు, పెడతారా, అవి వాళ్లవా, నువ్వు కొనాలా? తల మీద పెట్టుకునే నగ, పువ్వు, ముసుగు ఏదుంటే అది ట్రయల్‌కి తీసుకెళ్లు. వాటి బరువుకి కొప్పు నిలుస్తుందో లేదో అప్పుడే తెలుస్తుంది. తలస్నానం ముందు రోజు చేస్తే మేలు, అదే రోజు చేస్తే జుట్టు మరీ జారుతుంది. ఇది కూడా జుట్టును బట్టి మారుతుంది, నీ ఆర్టిస్ట్‌ను అడుగు.

హోస్ట్: అడగడానికి మొహమాటపడే విషయం ఒకటుంది. శుభ్రత.

ఆర్టిస్ట్: మొహమాటం వద్దే వద్దు. వాళ్ల పెట్టె తెరిచినప్పుడు నీ కళ్లు తెరిచి చూడు. బ్రష్‌లు కడిగి ఉన్నాయా? లిప్‌స్టిక్ నేరుగా పెదవికి రాస్తున్నారా, లేక చిన్న పలక మీదికి గీసి తీసుకుని రాస్తున్నారా? మస్కారాకి మనిషికో డిస్పోజబుల్ పుల్ల ఉండాలి, ఒకసారి కంటికి తగిలిన పుల్ల మళ్లీ సీసాలోకి వెళ్లకూడదు. కళ్లకలక, పెదవి మీద వచ్చే హెర్పిస్ పొక్కులు ఇలానే ఒకరి నుంచి ఒకరికి వెళ్తాయి. తెరిచిన మస్కారా మూడు నెలలు దాటితే పారేయాలి. మిగతావాటి మీద మూత తెరిచిన డబ్బా బొమ్మ, పక్కన 12ఎమ్ అనో 24ఎమ్ అనో ఉంటుంది. తెరిచాక ఎన్ని నెలలు వాడొచ్చో అది.

హోస్ట్: అలర్జీ ఉన్నవాళ్లు?

ఆర్టిస్ట్: ఉన్నవాళ్లే కాదు, ఉందని తెలియనివాళ్లు కూడా జాగ్రత్త పడాలి. పెట్టుడు కనురెప్పల జిగురు, జుట్టు రంగు, ఈ రెండింటితో ఎక్కువ భయం. జిగురులో లేటెక్స్ అనే రబ్బరు పదార్థం ఉండొచ్చు. చాలా రంగుల్లో పీపీడీ అనే పదార్థం ఉంటుంది. దురద, వాపు వెంటనే రాకపోవచ్చు, ఒకటి రెండు రోజుల తర్వాత కూడా రావొచ్చు. అందుకే కొద్దిగా చెవి వెనకో, మోచేయి లోపలి వైపో రాసి 48 గంటలు చూడాలి. పెళ్లికి ముందు వారంలో కొత్త ఫేషియల్, కొత్త క్రీమ్ ఏదీ వద్దు. మొటిమలకు, ముడతలకు రాసే రెటినాయిడ్ క్రీమ్ వాడేవాళ్లు వాక్సింగ్‌కి ముందు తప్పకుండా చెప్పాలి, లేకపోతే చర్మం ఊడి రావొచ్చు.

హోస్ట్: పెళ్లి రోజు టైమ్ లెక్క ఎలా వేసుకోవాలి? మా ఇంట్లో అందరికీ మేకప్ కావాలి, ఆర్టిస్ట్ ఒక్కరే.

ఆర్టిస్ట్: వెనక నుంచి లెక్కపెట్టు. వేడుక తొమ్మిదింటికి అనుకో. ఎనిమిదిన్నరకి పెళ్లికూతురు పూర్తిగా తయారై ఉండాలి. బట్టలు, నగలకు ముప్పావు గంట. మేకప్‌కి గంటన్నర, జుట్టుకి గంట. అంటే ఐదుంబావుకి కుర్చీలో కూర్చోవాలి. మిగతావాళ్లకు ఒక్కొక్కరికీ అరగంట నుంచి ముప్పావు గంట. నలుగురుంటే ఒక్కరి వల్ల కాదు, రెండో మనిషిని పెట్టుకోవాల్సిందే. పెళ్లికూతుర్ని మాత్రం అందరికన్నా చివర కూర్చోబెట్టొద్దు. అందరి ఆలస్యమూ వచ్చి ఆమె నెత్తిన పడుతుంది. ఆమె తర్వాత ఒక్కరైనా ఉంటే, ఆలస్యమైనప్పుడు వాళ్ల టైమ్ కొంచెం తగ్గించొచ్చు.

హోస్ట్: ఇక ఆ రాతకోతలు.

ఆర్టిస్ట్: తేదీ, చోటు, వచ్చే టైమ్, ఎంతమందికి, ఎవరు చేస్తారు. పెట్టుడు కనురెప్పలు, ఎక్స్‌టెన్షన్లు, ప్రయాణం ఖర్చు కలిపా, విడిగానా? రెండో లుక్ కావాలంటే ఎంతసేపు ఆగుతారు? తేదీ మారితే అడ్వాన్స్ ఏమవుతుంది? ఆర్టిస్ట్‌కే జ్వరం వస్తే ఎవరొస్తారు, వాళ్ల పని ముందే చూడొచ్చా? నీ ఫొటోలు వాళ్ల పేజీలో పెట్టడం నీకిష్టమేనా? ఈ చివరిది చాలామంది అడగరు, కానీ అది నీ ముఖం. వద్దనే హక్కు నీకుంది.

హోస్ట్: ఒక శ్రోత పంపిన ప్రశ్న. "నాది చామనఛాయ. ఇంట్లో పెద్దవాళ్లు రెండు షేడ్లు తెల్లగా వేయించమంటున్నారు. ఆర్టిస్ట్ కూడా సరే అంటోంది. నాకు ఇష్టం లేదు."

ఆర్టిస్ట్: ఇష్టం లేదని ఆ అమ్మాయే చెప్పింది, ఇక నేను చెప్పాల్సిందేముంది? ఆర్టిస్ట్‌ను మార్చమను. సరే అన్నదంటే, ఆ ఆర్టిస్ట్‌కి ఆ రంగు మీద పని చేయడం రాదనే నాకు అనుమానం. ముదురు రంగు చర్మానికి సరైన అండర్‌టోన్, అంటే చర్మం లోపలి ఛాయ, పట్టుకుంటే, బుగ్గల మీద సరైన ఎరుపు పడితే ఆ మెరుపే వేరు. షేడ్ తగ్గిస్తే ముఖం బూడిద రంగుకి తిరుగుతుంది, చేతులు, మెడ వేరేగా కనిపిస్తాయి. ఇంట్లోవాళ్లతో వాదించడం కష్టమైతే ఒక పని చేయమను. ట్రయల్‌లో సగం ముఖం తన షేడ్‌తో, సగం వాళ్లడిగిన షేడ్‌తో వేయించుకుని, ఎండలో నిలబడి ఒక ఫొటో తీసి ఇంట్లో చూపించమను. నేను చాలాసార్లు చేశాను. పెద్దవాళ్లు ఫొటో చూశాక మాట మార్చుకున్నారు.

హోస్ట్: అక్కా, ఈ వారమే ట్రయల్‌కి వెళ్తున్నవాళ్లకు ఇంకేమైనా?

ఆర్టిస్ట్: పెళ్లిబట్టల రంగుకి దగ్గరగా ఉన్నది, మెడ అదే కోతలో ఉన్నది వేసుకుని వెళ్లమను. పెళ్లి రోజు తయారయ్యేటప్పుడు మాత్రం ముందు బొత్తాలుండే చొక్కా వేసుకోవాలి. తల మీద నుంచి తీసే బట్టలైతే గంటసేపు కట్టిన కొప్పు దాంతోపాటే ఊడొస్తుంది. అది నా కళ్లముందు రెండుసార్లు జరిగింది, రెండుసార్లూ మొదటినుంచి కట్టాను.