ఇఫ్ తర్వాత పాస్ట్ టెన్స్ ఎందుకొస్తుంది?

నమస్తే అండీ, అందరూ బాగున్నారా? విదేశానికి కొత్తగా వచ్చి ఇంటర్వ్యూలకి వెళ్తున్నవాళ్ళ కోసం ఈ వీడియో.

ఇంటర్వ్యూలో తరచూ ఎదురయ్యే రకం ప్రశ్న ఒకటుంది. "వాట్ వుడ్ యూ డూ ఇఫ్ ఎ కస్టమర్ గాట్ యాంగ్రీ?" అందులో గాట్ అని వినపడగానే ఎప్పుడో జరిగిన సంగతి అడుగుతున్నారనుకుని పాత ఆఫీసు కథ మొదలుపెట్టేస్తుంటారు. నిజానికి అక్కడ ఏదీ జరగలేదు, ఊహించి చెప్పమంటున్నారంతే. ఆ పాస్ట్ టెన్స్‌కి గడిచిపోయిన కాలంతో పనిలేదు. "ఇది ఊహ సుమా" అని చెప్పడానికే అది వచ్చింది. అందుకే జవాబు కూడా "ఐ వుడ్ లిజన్ ఫస్ట్" అంటూ వుడ్‌తోనే చెప్పాలి.

"ఇఫ్ ఇట్ రెయిన్స్, ఐ విల్ స్టే హోమ్" లాంటివి మనకి అలవాటే, వాటి జోలికి వెళ్ళను. అసలు చిక్కు ఇక్కడుంది చూడండి. "ఇఫ్ ఐ గెట్ ద జాబ్, ఐ విల్ మూవ్" అంటే ఉద్యోగం వచ్చే అవకాశం ఉందనుకుంటున్నట్టు. "ఇఫ్ ఐ గాట్ ద జాబ్, ఐ వుడ్ మూవ్" అంటే వస్తుందన్న ఆశ పెద్దగా లేనట్టు. తెలుగులో రెండింటికీ "ఉద్యోగం వస్తే" అంటే సరిపోతుంది కాబట్టి ఆ తేడా మన చెవికి తట్టదు. అవతలివాళ్ళకి మాత్రం వెంటనే తెలిసిపోతుంది.

అలాగని ఈ పద్ధతి మనకి బొత్తిగా కొత్తదేం కాదండీ. "చిన్నప్పుడు రోజూ వచ్చేదాన్ని" అంటాం, "నువ్వు చెప్పి ఉంటే వచ్చేదాన్ని" అనీ అంటాం. మొదటిది నిజంగా జరిగింది, రెండోది జరగనే లేదు. రెండు చోట్లా అదే వచ్చేదాన్ని! ఇంగ్లీషులో వుడ్ కూడా ఈ రెండు పనులూ చేస్తుంది. నాకు భలే ఇష్టమైన విషయం ఇది.

ఇక జరగకుండా పోయినదానికి "ఇఫ్ యూ హాడ్ టోల్డ్ మీ, ఐ వుడ్ హావ్ కమ్". మాటల్లో ఇది "ఇఫ్ యూడ్ టోల్డ్ మీ, ఐడ్ హావ్ కమ్" అయిపోతుంది. రెండు చోట్లా చివర డ్ ఒక్కటే వినపడుతుంది కానీ, ఇఫ్ పక్కనున్నది హాడ్, రెండో సగంలోది వుడ్. "ఇఫ్ యూ వుడ్ హావ్ టోల్డ్ మీ" అని ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్ళు కూడా కొందరు అంటుంటారు, విని కంగారుపడకండి. పరీక్షల్లో, మెయిల్స్‌లో మాత్రం రాయొద్దు.

"ఇఫ్ ఐ వర్ యూ"లో ఐ పక్కన వర్ ఎందుకని తల బద్దలుకొట్టుకోకుండా అలాగే నోటికి పట్టించేయండి.

ఆఫీసులో రోజూ పనికొచ్చేది ఇంకొకటి. మేనేజర్‌ని తొందరగా వెళ్ళనిమ్మని అడగాలంటే "వుడ్ ఇట్ బి ఓకే ఇఫ్ ఐ లెఫ్ట్ ఎర్లీ టుడే?" అనండి. లెఫ్ట్ అంటూనే టుడే అంటున్నామని సంకోచించకండి. ఆ లెఫ్ట్ వల్లే అడగడంలో మర్యాద వచ్చింది, అవతలివాళ్ళకి కాదనే వీలూ మిగిలింది.