వైఫై తెగిపోతోందా? ముందు పవర్ తగ్గించి చూడండి

నమస్తే. ఆఫీసులో వైఫై మాటిమాటికీ తెగిపోతోందని కంప్లైంట్ రాగానే "యాక్సెస్ పాయింట్ల (వైఫై సిగ్నల్ ఇచ్చే పెట్టెల) పవర్ పెంచేయండి" అంటారు. ఈ మాట వింటే నాకు బాధేస్తుంది. చాలాసార్లు జబ్బు ఆ పవరే.

ఆర్కే బీచ్‌లో సభ జరుగుతోందనుకోండి. వేదిక మీదాయనకి మైకుంది. మీరు ఎంతో దూరంలో ఉన్నా ఆయన మాట ఖంగుమని వినిపిస్తుంది. మీరు అక్కణ్నుంచి "వినిపిస్తోంది సార్" అని అరిస్తే? మీకు మైకు లేదు, పైగా అలల హోరు. ఆయనకి వినపడదు. యాక్సెస్ పాయింట్‌ది మైకు, ఫోన్‌ది వట్టి గొంతు. వైఫైలో యాక్సెస్ పాయింట్ ఫోన్‌కి పంపిన డేటా ఫ్రేములకి, అంటే డేటా ముక్కలకి, "అందింది" అని జవాబు రావాలి. రాకపోతే యాక్సెస్ పాయింట్ మళ్లీ పంపుతుంది, మళ్లీ మళ్లీ పంపుతుంది, చివరికి తన జాబితాలోంచి ఫోన్ పేరు కొట్టేస్తుంది. ఫోన్‌లో మాత్రం గీతలు నిండుగానే ఉంటాయి!

రుషికొండలో ఒక ఆఫీసుకి వెళ్లాను. మీటింగ్ రూమ్ నుంచి ప్యాంట్రీకి నడిస్తే కాల్ కట్. ల్యాప్‌టాప్ చేత్తో పట్టుకుని నేనూ అదే దారిలో నడిచాను. ప్యాంట్రీ గుమ్మంలో ల్యాప్‌టాప్‌కి సిగ్నల్ మైనస్ 64 డీబీఎం (సిగ్నల్ బలానికి కొలత, మైనస్ అంకె పెరిగేకొద్దీ బలహీనం). అదే క్షణం కంట్రోలర్‌లో (యాక్సెస్ పాయింట్లన్నిటినీ నడిపే చోట) చూస్తే, యాక్సెస్ పాయింట్‌కి ల్యాప్‌టాప్ మైనస్ 77లో వినిపిస్తోంది. మరి నా నెత్తి మీదే ఇంకో యాక్సెస్ పాయింట్ ఉంది కదా, దానికెందుకు మారలేదు? ఎప్పుడు మారాలో నిర్ణయించుకునేది క్లయింటే, అంటే ఫోనో ల్యాప్‌టాపో. సిగ్నల్ ఐఫోన్‌లో మైనస్ 70, మ్యాక్ ల్యాప్‌టాప్‌లో మైనస్ 75 కంటే బలహీనపడేదాకా అవి వేరేదాన్ని వెతకవు. దూరపు మైకు గట్టిగా వినిపిస్తున్నంతసేపూ పక్క వేదిక వైపు ఎవరు తల తిప్పుతారు చెప్పండి? 5 గిగాహెర్ట్జ్ పవర్‌ని 23 నుంచి 14 డీబీఎంకి దించాం. ప్యాంట్రీలో కాల్స్ తెగడం ఆగింది. ఇంకో సంగతి, రెండు వేదికలూ ఒకే ఛానెల్‌లో ఉంటే ఒకరు మాట్లాడటం అయ్యేదాకా ఇంకొకరు ఆగాలి. మైకు తగ్గిస్తే ఆ ఆగడమూ తగ్గుతుంది.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. కంట్రోలర్ లాగ్‌లో రీజన్ కోడ్, అంటే ఎందుకు తెగిందో చెప్పే నంబర్, తప్పకుండా చూడండి. 15 అంటే హ్యాండ్‌షేక్ (కనెక్ట్ అయ్యేటప్పుడు రెండు వైపులా కీలు సరిచూసుకోవడం) టైమ్‌లోగా పూర్తవలేదు. ఫ్లోర్ మొత్తం ఒకేసారి తెగితే డీఎఫ్ఎస్, అంటే రాడార్‌కి దారిచ్చే నియమం, చూడండి. 52 నుంచి 144 దాకా ఛానెళ్లలో రాడార్ పసిగడితే యాక్సెస్ పాయింట్ ఆ ఛానెల్ ఖాళీ చేయాలి, 30 నిమిషాల దాకా తిరిగి వాడకూడదు. మన విశాఖలో నేవీ, పోర్టు, ఎయిర్‌పోర్టు అన్నీ ఊళ్లోనే. కానీ లాగ్‌లో రాడార్ అని కనిపించకుండా నేవీని అనకండి. కనిపిస్తే 36 నుంచి 48, లేదా 149 పైవాటికి మారండి.

పొద్దున్నే కొత్తవాళ్లకి కనెక్ట్ కాకపోతే డీహెచ్‌సీపీ, అంటే ఒక్కో ఫోన్‌కి ఐపీ అడ్రస్ పంచే సర్వీసు, చూడండి. స్లాష్ 24 అనే సైజు నెట్‌వర్క్‌లో దక్కేవి 254 అడ్రసులే. ఫోన్లు ప్రైవేట్ మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్‌కి ఫోన్ చూపించే గుర్తింపు నంబర్) మార్చుకుంటుంటే, లీజు, అంటే ఒక ఐపీ అడ్రస్‌ని ఒకరికి అట్టేపెట్టే గడువు, 8 రోజులు పెట్టినచోట అవి ఇట్టే అయిపోతాయి. లీజు గంటల్లోకి దించండి. మీ లాగ్‌లో ఏ కోడ్ వచ్చిందో కామెంట్‌లో రాయండి, చూసి జవాబిస్తాను.