ట్రీమ్యాప్‌ని ఖాళీ చేయడం: క్లియర్ లోపల ఏం జరుగుతుందో చూద్దాం

హాయ్ ఫ్రెండ్స్, ఈరోజు జావాలో ట్రీమ్యాప్‌లో, అంటే కీ-వాల్యూ జతల్ని కీల వరుసలో పెట్టుకునే మ్యాప్‌లో, ఉన్న ఎంట్రీలన్నీ ఒకేసారి ఎలా తీసేయాలో చూద్దాం. మ్యాప్ పేరు రాసి డాట్ క్లియర్ అని కాల్ చేస్తే పనైపోద్ది, మరి దీనికో వీడియో ఎందుకు బాబూ అంటారా, చాలామంది క్లియర్ బదులు కొత్త ట్రీమ్యాప్ పెట్టేసి రెండూ ఒకటేలే అనుకుంటారు, అదిగో అక్కడ మొదలవుతాయి బగ్గులు.

(స్క్రీన్ మీద కోడ్)

మార్కులు అని ఒక ట్రీమ్యాప్ తీసుకున్నా, కీ రోల్ నంబర్, వాల్యూ మార్కులు. 30, 10, 20 అని ఎలా వేసినా ప్రింట్ చేస్తే 10, 20, 30 అనే వస్తాయి, లోపల ఉన్నది రెడ్ బ్లాక్ ట్రీ, అంటే కీలని వరుసలో ఉంచే చెట్టు లాంటి అమరిక, కాబట్టి. ఇప్పుడు క్లియర్ కొట్టి సైజ్ చూద్దాం... సున్నా.

సరే, ఆ మెథడ్ సోర్స్ ఓపెన్ చేద్దాం. మూడే లైన్లు! మాడ్‌కౌంట్, అంటే మ్యాప్ ఎన్నిసార్లు మారిందో లెక్కపెట్టే నంబర్, ఒకటి పెంచింది, సైజ్ సున్నా చేసింది, రూట్‌ని, అంటే చెట్టు మొదటి నోడ్‌కి ఉన్న లింక్‌ని, నల్ చేసింది. ఒక్కో నోడ్ దగ్గరికెళ్లి డిలీట్ చెయ్యట్లేదు, వేరు తెంపేసి ఊరుకుంది, మిగతాది వాడని మెమరీని ఊడ్చేసే గార్బేజ్ కలెక్టర్ చూసుకుంటుంది. అందుకే ఎంట్రీలు పది ఉన్నా పది లక్షలున్నా క్లియర్‌కి పట్టే టైం ఒకటే. ఆర్డర్ పట్టించుకోని హ్యాష్‌మ్యాప్ అయితే బకెట్ల అరే, అంటే ఎంట్రీలు పెట్టుకునే గళ్ల వరుస, మొత్తం తిరిగి ఒక్కో స్లాట్‌నీ నల్ చేస్తుంది, పైగా ఆ అరే సైజ్ తగ్గదు కూడా. ఇక్కడ ఒక చిన్న మెలిక ఉంది, ఎంట్రీసెట్ మీద లూప్ తిప్పేటప్పుడు ఒక ఎంట్రీని ఎక్కడో వేరియబుల్‌లో దాచుకున్నారనుకోండి, అది ట్రీలో ఉన్న అసలు నోడే, దానికి పేరెంట్, లెఫ్ట్, రైట్ లింకులు అలాగే ఉంటాయి, కాబట్టి మీరు క్లియర్ చేసినా పాత ట్రీ మొత్తం మెమరీలోనే కూర్చుంటుంది.

ఇప్పుడు అసలు గొడవకొద్దాం. కాపీ అని ఇంకో వేరియబుల్ పెట్టి దానికి మార్కులు అసైన్ చేశా, అంటే రెండూ చూసేది ఒకే ఆబ్జెక్ట్‌ని. మార్కులు డాట్ క్లియర్ అంటే కాపీ కూడా ఖాళీ. అదే మార్కులు ఈక్వల్ టు న్యూ ట్రీమ్యాప్ అంటే మీ వేరియబుల్ ఒక్కటే కొత్తదానికి మారింది, కాపీలో పాత డేటా భద్రంగా ఉంది! ఆ మ్యాప్‌ని వేరే క్లాస్‌కి పాస్ చేసి ఉంటే వాళ్లకి పాత లెక్కలే కనిపిస్తూ ఉంటాయి, మీరేమో ఖాళీ చేశాం కదా అని తల పట్టుకుంటారు. ఫైనల్ అని రాసుంటే అసైన్‌మెంట్ కంపైలే కాదు, క్లియర్ మాత్రం హాయిగా పనిచేస్తుంది. ఇంకోటి, రివర్స్ ఆర్డర్ కంపారేటర్ (కీల వరుస ఎలా ఉండాలో చెప్పేది) ఇచ్చి మ్యాప్ చేసుంటే క్లియర్ తర్వాత కూడా ఆ కంపారేటర్ ఉంటుంది, ఉత్త న్యూ ట్రీమ్యాప్ పెడితే ఆర్డర్ తిరగబడిపోద్ది. నన్నడిగితే మ్యాప్ ఒకటికంటే ఎక్కువ చోట్ల వాడుతుంటే క్లియరే.

ఫర్ ఈచ్ లూప్ లోపల మాత్రం క్లియర్ పిలవకండి, తర్వాతి ఎంట్రీకి వెళ్లగానే కాంకరెంట్ మాడిఫికేషన్ ఎక్సెప్షన్ వస్తుంది, ఇందాక చూసిన మాడ్‌కౌంట్ ఉంది చూడండి, దాన్ని బట్టే పట్టేస్తుంది. తమాషా ఏంటంటే చివరి ఎంట్రీ దగ్గర పిలిస్తే ఏ ఎర్రరూ రాదు, లూప్ మామూలుగా ముగిసిపోద్ది, అందుకే ఒక్క ఎంట్రీతో టెస్ట్ చేసి బాగానే ఉందనుకుంటే మోసపోతారు.

కొంత భాగమే తీసెయ్యాలా? హెడ్‌మ్యాప్ 20 డాట్ క్లియర్ అనండి, 20 కంటే చిన్న కీలన్నీ అసలు మ్యాప్‌లోంచే పోతాయి, 20 ఉంటుంది, అది కూడా పోవాలంటే రెండో ఆర్గ్యుమెంట్‌గా ట్రూ ఇవ్వాలి. ఇది మాత్రం ఒక్కొక్కటిగానే తీస్తుంది, ఇందాకటిలా క్షణంలో అయ్యేది కాదు.

ఆ, మర్చిపోకముందే, ఖాళీ అయిన మ్యాప్ మీద ఫస్ట్‌కీ అడిగితే నో సచ్ ఎలిమెంట్ ఎక్సెప్షన్ కొడుతుంది, ఫస్ట్‌ఎంట్రీ అడిగితే నల్ ఇచ్చి ఊరుకుంటుంది, క్లియర్ చేశాక ఏది వాడాలో చూసుకుని రాయండి.