పింగాణీ బొమ్మ వయసు: కత్తుల గుర్తు చివర్లో చూద్దాం

నమస్తే అండి. పాత పింగాణీ బొమ్మ చేతికి రాగానే ఎవరైనా ముందు చేసేది తిరగేసి అడుగున గుర్తు చూడటమే. అక్కడ రెండు నీలం కత్తులు అడ్డంగా కనబడ్డాయా, ఇక అది మైసెన్, పద్దెనిమిదో శతాబ్దం అని తేల్చేస్తారు. ఇవాళ మనం ఆ గుర్తును చివర్లో చూద్దాం. బొమ్మ మొత్తంలో కాపీ కొట్టడానికి అన్నిటికంటే తేలికైనది అదే మరి.

మైసెన్ అంటే జర్మనీలో డ్రెస్డెన్ దగ్గరి ఊరు. యూరప్‌లో గట్టి పింగాణీ తయారుచేసిన మొదటి కర్మాగారం 1710లో అక్కడే పుట్టింది.

ముందు టార్చి తీసుకుని, అడుగున తెరిచి ఉంటే లోపలికి వెలుతురు వేయండి. పద్దెనిమిదో శతాబ్దపు మైసెన్ బొమ్మల్ని తడి మట్టిని అచ్చు ముక్కల్లో వేళ్లతో ఒత్తి చేసేవాళ్లు. అందుకే లోపల వేళ్ల గుంటలు ఉంటాయి, గోడ ఒకచోట మందంగా, ఇంకోచోట పల్చగా ఉంటుంది. లోపల నున్నగా, గోడంతా ఒకే మందంలో, బయటి వంపులే లోపలా కనిపిస్తుంటే అది జారుడుగా పల్చగా కలిపిన మట్టిని అచ్చులో పోసి తీసిన బొమ్మ. మైసెన్ విషయంలో అయితే అనుమానించాల్సిందే. కానీ ఇంగ్లండ్‌లో చెల్సీ, డెర్బీ వాళ్లు అదే శతాబ్దంలో పోత పద్ధతి వాడారు, కాబట్టి వాటికి ఈ పరీక్ష పనికిరాదు. అడుగున చిన్న రంధ్రం ఉంటే పాతదని కొందరు అమ్మేవాళ్లు చెబుతారు. అది బట్టీలో వేడికి లోపలి గాలి బయటికి పోవడానికి పెట్టింది, నిన్న చేసిన బోలు బొమ్మకీ ఉంటుంది.

తర్వాత స్కేలు. పింగాణీ కాలేటప్పుడు దాదాపు ఆరో వంతు కుంచించుకుపోతుంది. అసలు బొమ్మ మీద నుంచి అచ్చు తీసి కాపీ చేస్తే, ఆ కాపీ మళ్లీ కుంచించుకుపోతుంది. కేటలాగులో 18 సెంటీమీటర్లు ఉన్న బొమ్మ మీ దగ్గర 15 ఉంటే, దాదాపు అక్కడే సంగతి తేలిపోయినట్టు.

బంగారు రంగు చూడండి. అద్దంలా తళతళలాడే పల్చని బంగారం 1830 ప్రాంతంలో వచ్చింది. బొమ్మ మీద మొదటి నుంచీ ఉన్న పూత అదే అయితే 1750 నాటిదన్న మాట నిలబడదు. తర్వాత ఎవరైనా మళ్లీ పూశారేమో కూడా చూసుకోండి.

ఇప్పుడు గుర్తు. కత్తులు గ్లేజు, అంటే పైన ఉండే గాజులాంటి పూత కింద ఉండాలి, గోరు పెట్టి రాస్తే తగలకూడదు. పిడుల మధ్య చుక్క ఉంటే 1763 నుంచి 1774, కత్తుల కింద నక్షత్రం ఉంటే 1774 నుంచి 1814, మొనల మధ్య చుక్క ఉంటే 1924 నుంచి 1934. కత్తుల మీద అడ్డంగా గీత కోసి ఉంటే అది రెండో రకం సరుకు. అలాంటి కొన్ని తెల్ల బొమ్మలకు బయటివాళ్లు రంగులు వేశారు, కాబట్టి మట్టి మైసెన్‌దే అయినా పనితనం మైసెన్‌ది కాకపోవచ్చు. 'డ్రెస్డెన్' అని రాసి ఉంటే చాలాసార్లు ఆ నగరపు చిత్రకారుల వర్క్‌షాపు సరుకే. పారిస్‌లో సామ్సన్ కంపెనీ పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో మైసెన్ తరహా కాపీలు చేసి అమ్మింది. కిరీటం కింద 'ఎన్' ఉన్నవాటిని కాపోడిమోంటే (ఇటలీలో నేపుల్స్ పింగాణీ) అంటారు గానీ, బజారులో దొరికే ఎక్కువ వాటికి పాత నేపుల్స్ కర్మాగారంతో సంబంధమే లేదు.

దేశం పేరు ఉంటే పని సులువు. అమెరికా చట్టం 1891 నుంచి దిగుమతుల మీద దేశం పేరు తప్పనిసరి చేసింది. అంటే ఇంగ్లీషులో 'జర్మనీ' అని ఉంటే సాధారణంగా ఆ తర్వాతిదే. 'ఆక్యుపైడ్ జపాన్' అని ఉంటే రెండో ప్రపంచయుద్ధం తర్వాత, 1952 లోపు. కానీ పేరు లేదు కాబట్టి పాతదే అనుకోకండి. వేరే దేశానికి పంపినవాటికి ఆ నియమం లేదు, కాగితం లేబుల్ అంటించి ఊడిపోయినవీ ఉంటాయి. రవివర్మ చిత్రాలను చూసి జర్మనీలో చేయించిన లక్ష్మీ సరస్వతుల పింగాణీ బొమ్మలు దక్షిణాదిలో, ముఖ్యంగా చెట్టినాడు ఇళ్లలో ఇప్పటికీ ఉన్నాయి. వాటికి కత్తుల గుర్తు వెతకడం దండగ.

అసలు పింగాణీ మెరుపు ఎలా ఉంటుందో కంటికి అలవాటు కావాలంటే హైదరాబాద్ సాలార్ జంగ్ మ్యూజియంలోని యూరప్ పింగాణీ గదులు చూసి రండి.

కొనేముందు మెడ, వేళ్లు, పూల రేకులు 365 నానోమీటర్ల యూవీ టార్చితో చూడండి. అతికించి రంగు వేసిన చోటు చుట్టుపక్కల కంటే వేరుగా వెలుగుతుంది. అక్కడ అసిటోన్‌తో తుడవకండి, అతుకు రంగుతో సహా ఊడిపోతుంది. అప్పుడు దుకాణంవాడు మీ దగ్గరే డబ్బు అడుగుతాడు.